నాలుగు వారాల తెలుగు కోర్సుకి అమెరికా పిల్లలు వస్తామంటున్నారు, ఏమని జవాబివ్వాలి?

విభాగం: చదువులు, బడులు (శ్రీకాకుళం, విజయనగరం)

నాగావళి గట్టు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. అమెరికాలోని ఒక యూనివర్సిటీ నుంచి మా ప్రిన్సిపాల్ గారికి మెయిల్ వచ్చింది. అక్కడ మన బీఈడీ లాంటిది చదువుతున్న పిల్లలు పదిమంది జూన్ మూడో వారంలో వచ్చి నాలుగు వారాలు ఉంటారట. పొద్దున్న మా కాలేజీలో తెలుగు నేర్చుకుంటారు, మధ్యాహ్నం దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు, బస ఊళ్లో ఇళ్లల్లోనే. ఊరి జనంతో కలిసి భాష నేర్చుకుని, వెళ్లేలోగా ఆ ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చేసి వెళ్లాలని వాళ్ల ఉద్దేశం. దీనికి అక్కడ వాళ్లకి క్రెడిట్లు కూడా వస్తాయి.

ప్రిన్సిపాల్ గారు ఆ మెయిల్ నాకు పంపి "మీరు చూసుకోండమ్మా" అన్నారు. ఈ మాటకి అర్థం ఇక్కడున్న ఉద్యోగస్తులకి చెప్పక్కర్లేదు.

మెయిల్ మర్యాదగానే ఉంది. కానీ చదివేకొద్దీ సందేహాలే. నాలుగు వారాల్లో తెలుగు ఎంతొస్తుంది? తెలుగు రానివాళ్లు బళ్లో ఏం చెబుతారు? ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి ఎంత ఇమ్మనాలి, అసలు అడగొచ్చా? ఇలాంటివి చూసినవాళ్లు, చేసినవాళ్లు ఉంటే చెప్పండి. వారంలోగా జవాబివ్వాలి.

రాజాం నాన్న · సోమవారం, రాత్రి 9:40

ఇందులో ఆలోచించడానికేముంది మేడమ్? వెంటనే సరేననండి. మా అబ్బాయి గవర్నమెంటు బళ్లో తొమ్మిది చదువుతున్నాడు. పుస్తకంలో ఇంగ్లీషు గడగడా చదివేస్తాడు, ఎవరైనా ఎదురొచ్చి పేరడిగితే నేల చూస్తాడు. అసలు ఇంగ్లీషువాళ్లే వచ్చి ఫ్రీగా చెబుతామంటే ఇంకేం కావాలి?

బొబ్బిలి పులిహోర · సోమవారం, రాత్రి 9:58

జూన్‌లో మన ఉక్కపోతకి నాలుగు వారాలుంటే మిగతా తెలుగు వచ్చినా రాకపోయినా "అమ్మో", "బాబోయ్" మాత్రం గ్యారంటీ.

పొందూరు మాస్టారు · మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకి లెక్క చెబుతాను. అమెరికా విదేశాంగ శాఖకి తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ ఒకటుంది. పని చేసుకోగలిగినంత తెలుగు రావడానికి వాళ్లు వేసుకున్న గడువు 44 వారాలు, 1100 తరగతి గంటలు. అదే స్పానిష్‌కి 30 వారాలు చాలంటారు. మీ దగ్గర రోజుకి నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు చెప్పినా నాలుగు వారాలకి 80 గంటలు. 1100లో 80. పేరు, ఊరు, తిండి, బేరం, దారి అడగడం, కుశలం, అంతవరకు వస్తుంది. అది తక్కువేం కాదు. కానీ అంతకుమించి వస్తుందని వాళ్లు రాస్తే మీరు సంతకం పెట్టకండి.

రెండోది. వాళ్లు అక్కడినుంచి ఏ పుస్తకం చదివొచ్చినా అందులో తెలుగు వేరు, ఆమదాలవలసలో బస్సు దిగగానే వినపడే తెలుగు వేరు. "మీరు ఎక్కడికి వెళ్తున్నారు" నేర్చుకొచ్చినవాణ్ని కండక్టరు "ఏటి బావూ, ఎక్కడికెల్తావు" అంటాడు. కాబట్టి పాఠాలు మన జిల్లా మాటతోనే మొదలుపెట్టండి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ఆ జిల్లాలో కూర్చుని గ్రాంథికం వప్పజెప్పించడం మనకి శోభించదు.

ఆయన సంగతి ఇంకొకటి ఇక్కడ పనికొస్తుంది. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర గిరిజనులకి చదువు చెప్పాలనుకున్నప్పుడు, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ తరవాతే సొంత డబ్బుతో బడులు పెట్టి వాళ్ల భాషలోనే చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు కోశం అచ్చయ్యాయి. ముందు నేర్చుకోవడం, తరవాత నేర్పడం. మీకొచ్చిన మెయిల్లో రెండూ ఒకే రోజు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

టెక్కలి కొంగలు · మంగళవారం, ఉదయం 11:20

రాజాం నాన్న గారికి.

నేనిప్పుడు డిగ్రీ ఫైనలియర్. హైస్కూల్లో ఉండగా మా బడికి ఒక సంస్థ వాళ్లు విదేశీ వలంటీర్లని తీసుకొచ్చేవారు. పేరు చెప్పను. చాలా మంచివాళ్లు, మమ్మల్ని నవ్వించేవారు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు, శరీర భాగాల పాట. కొన్నాళ్లకి వెళ్లిపోయేవారు. మళ్లీ కొత్త బ్యాచ్ వచ్చేది, మళ్లీ రంగుల పేర్లు. మేం అప్పటికి ఎనిమిదో క్లాసు. పాసివ్ వాయిస్ చదువుతున్నాం. వాళ్లకి మా సిలబస్ తెలీదు, మాకు ఏమొచ్చో తెలీదు, అడగడానికి తెలుగు రాదు. మా ఇంగ్లీషు సారేమో వాళ్లున్నన్ని రోజులూ వెనక బెంచీలో కూర్చుని, వాళ్లు వెళ్లాక వదిలేసిన పాఠాలు పరుగు మీద చెప్పేవారు.

నాకు బాగా గుర్తున్నది వేరే సంగతి. ఒకమ్మాయి రిసెస్‌లో మా దగ్గరకొచ్చి తొక్కుడుబిళ్ల నేర్పమంది. బిళ్ల ఎలా వెయ్యాలో, గీత తొక్కితే ఔటని, రెండు కాళ్లు ఎక్కడ పెట్టాలో మేం వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాం. తప్పు చెబితే తను తప్పుగా గెంతేది, మేం మళ్లీ చెప్పేవాళ్లం. క్లాసులో నోరు విప్పని మా ఫ్రెండు అక్కడ ఆపకుండా మాట్లాడింది. ఎందుకంటే అక్కడ టీచరు తనే.

రాజాం నాన్న · మంగళవారం, మధ్యాహ్నం 1:02

మీరు చెప్పింది బాగుందమ్మా. కానీ ఇక్కడ వద్దనేవాళ్లలో సగంమంది పిల్లలు కాన్వెంటుల్లో ఉంటారు. వాళ్లకి ఇంగ్లీషు వినడం కొత్త కాదు. మా పిల్లలకి వచ్చిన ఒక్క అవకాశాన్ని కూడా మీరే వడపోస్తే ఎలా?

వేదిక నిర్వాహకులు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్న చర్చ ఇక్కడ వద్దు. మేడమ్ అడిగినదాని మీద ఉందాం.

గంటస్తంభం · మంగళవారం, రాత్రి 11:47

అక్కా, నాది విజయనగరం. ఇప్పుడు అమెరికాలో ఎంఈడీ చేస్తున్నాను. ఇలాంటి కోర్సులో నేను విద్యార్థిగా వెళ్లాను, కాకపోతే గ్వాటెమాలాకి, స్పానిష్ కోసం. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ఇక్కడ విదేశాల్లో చదివొచ్చే విద్యార్థుల్లో సగం కంటే ఎక్కువమంది వెళ్లేది ఇలాంటి కొద్ది వారాల కోర్సులకే. సెమిస్టరంతా ఉండటానికి డబ్బూ తీరికా అందరికీ ఉండవు. టీచర్ ట్రైనింగ్ వాళ్లకి ఇంకో కారణం ఉంది. రేపు వాళ్ల క్లాసులో ఇంట్లో స్పానిషో, అరబిక్కో, తెలుగో మాట్లాడే పిల్లలుంటారు. భాష రాని చోట కూర్చుంటే బుర్రకి ఎలా ఉంటుందో టీచరుకి ఒకసారైనా తెలియాలని పంపుతారు. అంటే ఈ కోర్సు ముందుగా వాళ్ల చదువు కోసం. సేవ అన్నది దానికి తొడిగిన చొక్కా. ఇది తప్పని అనను. కానీ మనం బేరమాడేటప్పుడు ఈ సంగతి తెలిసుండాలి.

నేను వెళ్లిన ఊరు కెట్సాల్టెనాంగో. స్థానికులు షేలా అంటారు. కొండల మధ్య ఊరు, స్పానిష్ బడులకి పేరు. అక్కడ పద్ధతి ఒక విద్యార్థికి ఒక టీచరు. పొద్దున ఓ నాలుగైదు గంటలు బల్లకి అటు ఆవిడ, ఇటు మీరు, మధ్యలో ఒక కాగితం. తప్పించుకోడానికి పక్కన ఇంకెవరూ ఉండరు. కొన్ని బడులు టీచర్లే సహకార సంఘంగా కలిసి నడుపుకుంటారు. ఇంట్లో బసకి వారం వారం డబ్బు. మా టీచరు పొద్దున్న నాకు సంతలో బేరం చెయ్యడం నేర్పి, పదకొండింటికి నన్ను సంతకి తోలి, తను పది అడుగుల వెనక నిలబడేది. నేను తడబడితే ముందుకొచ్చేది కాదు. బేరమయ్యాక మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎక్కడెక్కడ దొరికిపోయానో రాయించేది.

ఆ ఊళ్లో నన్నెవరూ పిల్లలకి ఇంగ్లీషు చెప్పమనలేదు. వాళ్ల దగ్గర అమ్మడానికి ఒక సరుకుంది, స్పానిష్. దాన్ని తలెత్తుకుని అమ్ముతున్నారు. మన దగ్గరా ఒక సరుకుంది. తెలుగు నేర్చుకోవాలనుకునే విదేశీయుడికి ఇవాళ భారతదేశంలో దొరికే చోట్లు ఎన్ని? హైదరాబాదులో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ల కోర్సు ఒకటి గట్టిది. విస్కాన్సిన్, బర్క్లీ లాంటి యూనివర్సిటీల్లో తెలుగు చదివినవాళ్లు అక్కడికి వస్తుంటారు. శ్రీకాకుళం లాంటి ఊళ్లో, ఇంగ్లీషు అడ్డురాని చోట నేర్చుకోవడం వాళ్లకి వరం. మీరేమో "మా బడికొచ్చి ఇంగ్లీషు చెబుతారా, మహాభాగ్యం" అనే చోట మొదలుపెడుతున్నారు. "తెలుగు చెబుతాం, ఇంత అవుతుంది" అనే చోట మొదలుపెట్టండి.

మాకు చదవమని ఇచ్చినవాటిలో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడి ప్రసంగం ఒకటుంది. 1968లో మెక్సికోకి సేవ చెయ్యడానికొచ్చిన అమెరికా విద్యార్థుల ముఖం మీదే చెప్పాడు: చూడ్డానికి రండి, చదువుకోడానికి రండి, సాయం చెయ్యడానికి మాత్రం రాకండి అని. మీకు మెయిల్ రాసిన ప్రొఫెసరుకి ఇది తెలిసే ఉంటుంది. మీరు గట్టిగా అడిగితే ఆశ్చర్యపోరు. అడక్కపోతేనే ఆశ్చర్యపోతారు.

పొందూరు మాస్టారు · బుధవారం, ఉదయం 5:50

బాబూ గంటస్తంభం, మాట బాగుంది. ఒక విద్యార్థికి ఒక టీచరంటే పదిమందికి పదిమంది కావాలి. మన దగ్గర డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్న తెలుగు పండిట్ ట్రైనింగ్ పిల్లలకి లోటేముంది? నెల రోజులు పనిచ్చి, చేతికి గౌరవప్రదంగా డబ్బిస్తే వాళ్లకీ విదేశీయులకి తెలుగు చెప్పిన అనుభవం ఉంటుంది. ముందు వారం రోజులు వాళ్లకి తర్ఫీదు ఇవ్వాలి. తెలుగు పుట్టుకతో వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. మనవాళ్లు మొదటిరోజే అఆలతో మొదలుపెట్టి గుణింతాల దగ్గర నాలుగు వారాలూ ఖర్చు పెట్టేస్తారు. మొదటి వారం పలక ముట్టుకోనివ్వకండి, చెవీ నోరూ చాలు.

చోడంబలి · బుధవారం, మధ్యాహ్నం 3:15

నాను రాయలేను, మా అమ్మాయి టైపు చేస్తంది. మాది నరసన్నపేట దగ్గిర ఊరు. మా ఇంట్లో ఒక విదేశీ అమ్మాయి ఉండి ఎల్లింది, మా మరిదిగారి స్నేహితుల ద్వారా. ఇళ్లల్లో పెట్టుకోవడం గురించి అడిగారు గదా, అది సెప్తాను.

తిండి గురించి ఎవులూ భయపడక్కర్లేదు. మొదట్లో కారం తగ్గించాను. తరవాత చోడంబలి అడిగి మరీ తాగింది. పనసపొట్టు ఆవపెట్టి వండితే రెండోసారి వడ్డించుకుంది. ఇబ్బంది తిండి కాడ రాదు, బాత్రూం కాడ వస్తది. గడియ సరిగ్గా పడాల, లోపల లైటుండాల, గదికి తలుపుండాల. ఇవి లేని ఇల్లు ఎంత మంచిదయినా లిస్టులో పెట్టకండి మేడం. ఆడపిల్లలు గదా, ఇంట్లో మొగోళ్లు తాగొచ్చే ఇల్లయితే అసలు వద్దు. ఇది మొహమాటపడి అడక్కుండా వదిలేస్తారు, అందుకు సెప్తన్నాను.

తెలుగు నేర్పింది మా అత్తగారు. ఆవిడికి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. కత్తిపీట ముందు కూకోని "వంకాయ ఇలా తే, తొడిమి తియ్యి, నీళ్లల్లో వెయ్యి, నల్లబడిపోద్ది" అని అనడం, ఆ అమ్మాయి చెయ్యడం. రెండోరోజు ఆ అమ్మాయే తియ్యి, వెయ్యి అని మా అత్తకి చెప్పడం మొదలెట్టింది. మా అత్త పడీపడీ నవ్వింది, పెద్దోళ్లకి "తియ్యండి" అనాలని అప్పుడు చెప్పింది. మా అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడదామని పక్కన చేరితే మా అత్త తరిమీసింది.

డబ్బు మాటకొస్తే, అప్పుడు మా చేతికి ఏమీ రాలేదు. ఎవులో మధ్యలో తీసుకున్నారంట, తరవాత తెలిసింది. రోజుకి ఇంత అని రాసి, ఇంటి ఆడమనిషి ఖాతాలోనే వెయ్యమనండి. అతిథిని డబ్బడగడమేటని సిగ్గుపడేవోళ్లు ఉంటారు. గ్యాసు బండ సిగ్గుపడదు గదా.

నాగావళి గట్టు · బుధవారం, సాయంత్రం 4:40

చోడంబలి అక్కా, బాత్రూం గడియ సంగతి నా నోట్‌బుక్కులో మొదటి లైనుగా రాసుకున్నాను. వీలైతే మీ అత్తగారినే మా కోర్సుకి పిలవాలనుంది.

వీసా, పోలీసు సంగతులు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

జమా ఖర్చు · బుధవారం, రాత్రి 8:22

విజయనగరంలో ఆడిటింగ్ చేస్తుంటాను. మూడు విషయాలు, మూడూ ముఖ్యమే.

వీసా. ఈ-టూరిస్ట్ వీసా మీద స్థానిక భాష, సంగీతం, వంట లాంటివాటి చిన్న కోర్సులకి రావచ్చు. కానీ అది ఆరు నెలలు దాటకూడదు, పద్ధతి ప్రకారం నడిచే లాంఛనప్రాయమైన కోర్సు అవకూడదు, అర్హత సర్టిఫికెట్టో డిప్లొమానో ఇవ్వకూడదు. డబ్బు తీసుకోకుండా చేసే వలంటీరు పని కూడా గరిష్ఠంగా ఒక నెల వరకే. మీ కోర్సుకి క్రెడిట్లున్నాయంటున్నారు కాబట్టి ఇది ఏ వీసా కిందికొస్తుందో వాళ్ల యూనివర్సిటీయే భారత కాన్సులేట్‌ని రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు మీకు పంపాలి. ఊహ మీద టిక్కెట్లు కొననివ్వకండి. మీ కాలేజీ పేరుతో సర్టిఫికెట్లు అచ్చు వేయించి సభ పెట్టే సరదా ఉంటే అది కూడా ముందే తేల్చుకోండి.

ఫారం-సి. 2025లో వచ్చిన కొత్త నియమాల్లో దీని పేరు ఫారం-III, జనం నోట ఇంకా పాత పేరే. విదేశీయుణ్ని ఇంట్లో ఉంచుకున్నవాళ్లు హోటలైనా, మామూలు ఇల్లైనా, వచ్చిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టాలి. చాలామంది ఇది హోటళ్లకే అనుకుంటారు. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారిస్తే మళ్లీ పెట్టాలి. కాబట్టి మధ్యలో ఇళ్లు మార్చే ప్లాను పెట్టుకోకండి. స్థానిక స్టేషన్లో ముందుగా ఒక కాగితం ఇచ్చి ఉంచడం మంచిది.

డబ్బు. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. విదేశాల నుంచి "విరాళం" అని వస్తే అది ఎఫ్‌సీఆర్‌ఏ 2010 (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కిందికొస్తుంది. రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తరవాత ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. అదే కోర్సు ఫీజుగా, లేదా మామూలు వ్యాపారంలో ఇచ్చిన సేవకి ఖరీదుగా వస్తే ఆ చట్టం దాన్ని విదేశీ విరాళంగా లెక్కపెట్టదు. అందుకే వాళ్లు "మీ బడికి ఏదైనా డొనేషన్ ఇస్తాం" అంటే వద్దనండి. పాఠానికి ఫీజు, బసకి అద్దె, భోజనానికి ఖర్చు, అన్నిటికీ రసీదు. తమ్ముడు గంటస్తంభం చెప్పిన సరుకు లెక్క చట్టానికి కూడా నప్పుతుంది.

సీతంపేట సంత · బుధవారం, రాత్రి 10:30

నేను ఏజెన్సీలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక మేం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాం కానీ ఈ వేదిక వదల్లేదు.

మేడమ్, మీరు అడక్కపోయినా రేపు వాళ్లు తప్పకుండా అడుగుతారు, "ట్రైబల్ విలేజ్" చూడాలని. ఒకసారి ఒక బృందం మా బడికి వచ్చింది. పిల్లలని వరసగా నిలబెట్టి ఫొటోలు, బిస్కెట్లు. ఆ ఫొటోలు ఎక్కడికి వెళ్లాయో ఇప్పటికీ తెలీదు. తల్లిదండ్రులనెవరూ అడగలేదు. అలాంటిదయితే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ అనుమతున్నా నేను గేటు తియ్యను.

కానీ వాళ్లు నిజంగా టీచర్లు కాబోయేవాళ్లయితే, వాళ్లకి మా ఒకటో క్లాసు కంటే మంచి పాఠం దొరకదు. మా పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుతో చుట్టరికం లేదు. బళ్లో పుస్తకం తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు కూడా. ఐదేళ్ల పిల్ల ఒకేసారి రెండు పరాయి భాషల ముందు కూర్చుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కొండ, కువి లాంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే వాచకాలు వేసి, మాతృభాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చే పద్ధతి పెట్టారు. సవరకి సొంత లిపి కూడా ఉంది, 1936లో మంగై గొమాంగో తయారుచేసింది. నా క్లాసులో నేను చేసేది చిన్న పని. లెక్కలకి గింజలు పంచుతూ ముందు సవరలో లెక్కపెట్టిస్తాను, మళ్లీ అవే గింజలు తెలుగులో. గింజలు మారవు కాబట్టి పిల్లకి భయముండదు.

ఒక పూట రానివ్వండి. ఇద్దరిద్దరుగా, వెనక కూర్చుని చూడాలి. కెమెరాలు బస్సులోనే. తరవాత మా అంగన్‌వాడీ ఆయా వాళ్లకి సవరలో ఒక పాఠం చెబుతుంది, తెలుగు కూడా లేకుండా. అప్పుడు వాళ్ల మొహాలు నేను చూడాలి.

గంటస్తంభం · గురువారం, ఉదయం 7:10

సార్, మీరు చెప్పిన చివరి లైను వాళ్ల సిలబస్ మొత్తానికి సమానం. ఆ ఆయా గారికి కూడా గెస్ట్ లెక్చరరు రేటే ఇప్పించండి.

రాజాం నాన్న · గురువారం, ఉదయం 9:00

అందరూ చెప్పింది చదివాను. క్లాసులో పాఠం వద్దంటే వద్దు, ఒప్పుకుంటాను. ఇంగ్లీషు మాత్రం మొత్తం తీసెయ్యకండి. టెక్కలి అమ్మాయి చెప్పిన తొక్కుడుబిళ్ల పద్ధతిలోనే పెట్టండి. బడి వదిలాక ఒక గంట, మా పిల్లలు వాళ్లకి ఏదో ఒకటి నేర్పాలి: గాలిపటం కట్టడం, తాటాకు బూర చెయ్యడం, కబడ్డీ రూల్సు. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. రోజూ ఉండాలి, వారానికి ఒకసారంటే మా వాడు మళ్లీ నేల చూస్తాడు.

టెక్కలి కొంగలు · గురువారం, ఉదయం 9:25

దీనికి నా ఓటు. ఒక మాట, జూన్‌లో వద్దు. బడులు తెరిచేది జూన్ 12కి. అప్పుడు పుస్తకాలు పంచడం, అడ్మిషన్లు, బదిలీ అయిన టీచర్లు రావడం, ఏదీ కుదురుగా ఉండదు. జూలైకి జరపమనండి.

బొబ్బిలి పులిహోర · గురువారం, ఉదయం 9:31

జనవరిలో రమ్మనండి. సంక్రాంతికి అరిసెలు, భోగి మంట, కోడిపందేలు, అన్నీ సిలబస్సే.

నాగావళి గట్టు · గురువారం, ఉదయం 10:05

పులిహోర గారూ, మీరు నవ్వులాటకి అన్నా ఆ మాట ఆలోచించాను. వాళ్ల శీతాకాలం సెలవులు జనవరి మొదటి సగానికి అయిపోతాయి, మనకి అప్పుడే సంక్రాంతి సెలవులు. ఇళ్లల్లో తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది, బడి మాత్రం మూసి ఉంటుంది. అదీకాక పండక్కి ఇళ్ల నిండా కూతుళ్లు, అల్లుళ్లు. ఖాళీ గది ఎక్కడుంటుంది?

మాస్టారూ, పొద్దుటి పాఠాల తరవాత ఊళ్లోకి పంపాలంటే ఎక్కడికి పంపొచ్చు?

పొందూరు మాస్టారు · గురువారం, ఉదయం 11:40

దూరం వద్దు. గుళ్లూ బీచ్‌లూ ఆదివారం వాళ్లంతట వాళ్లే చూసుకుంటారు. మనిషి పని చేస్తూ మాట్లాడే చోట్లు కావాలి.

మా ఊరికి పంపండి. ఖాదీ నూలు తీసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లుంటాయి. దాంతో పత్తిని కొద్దికొద్దిగా దువ్వుతారు, చెత్తా నలుసూ రాలి పీచు తిన్నగా సాగుతుంది. తరవాత గింజ తియ్యడం, ఏకడం, వడకడం. ఒక్కో పని దగ్గర కూర్చుని "ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు, తరవాతేం చేస్తారు" అని అడగడానికి ఒక విద్యార్థికి రెండో వారానికల్లా తెలుగు సరిపోతుంది. జవాబు ఫోనులో రికార్డు చేసుకుని, మర్నాడు తన టీచరుతో కూర్చుని మాటమాటా రాయాలి. అదే వాడి పాఠ్యపుస్తకం. కానీ అమ్మా, ఆవిడ గంటసేపు చెయ్యి ఆపి మాట్లాడితే ఆ గంట నూలు పోతుంది. ఆ గంటకి ఆవిడికి డబ్బు ముట్టాలి. టీ తాగించి ఫొటో దిగి వచ్చెయ్యడం ఇన్నాళ్లూ మనవాళ్లు చేసిందే.

ఆఖరి వారం శ్రీకాకుళంలోనే ఉన్న కథానిలయానికి తీసుకెళ్లండి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో కట్టించారు. తెలుగు కథ దొరికినంతా అక్కడ భద్రంగా ఉంది. పిల్లలు కథలు చదవలేరు, నిజమే. కానీ ఒక చిన్న ఊరి మాస్టారు తన భాష కథలకి ఇల్లు కట్టాడని చూస్తే, తాము నేర్చుకుంటున్నది ఏపాటి భాషో తెలుస్తుంది.

ఇక వాళ్లు ఊరికి చెయ్యాల్సిన పనంటారా, ముసలమ్మల దగ్గర విన్న కథలు రాసి, మన పిల్లల చేత బొమ్మలు వేయించి, తెలుగు ఇంగ్లీషు రెండింటిలో చిన్న పుస్తకాలు చెయ్యమనండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో పెడితే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కథ చెప్పినావిడ పేరు, ఆవిడ ఒప్పుకుంటే, అట్ట మీద ఉండాలి. బళ్లో రంగుల పేర్లు చెప్పేకంటే ఇది మిగులుతుంది.

గంటస్తంభం · గురువారం, రాత్రి 11:55

పరీక్ష కూడా ఇలాగే పెట్టండి అక్కా. చివరి రోజు శాలువాల సభ వద్దు. బస చేసిన ఇంటి అరుగు మీద విద్యార్థి పది నిమిషాలు తెలుగులో మాట్లాడాలి, ఇంటివాళ్లు ప్రశ్నలడగాలి. మార్కుల్లో కొంత భాగం ఇంటి అమ్మగారు వెయ్యాలి.

నాగావళి గట్టు · తరువాతి మంగళవారం, రాత్రి 8:50

జవాబు పంపాను, వాళ్ల దగ్గర్నుంచి తిరుగు మెయిల్ కూడా వచ్చేసింది. అనుకున్నంత కష్టపడలేదు.

ఒకరికొక టీచరు, ఆ టీచరుకి నేరుగా జీతం: ఒప్పుకున్నారు. ఫీజు పెరుగుతుంది కాబట్టి పదిమంది ఆరుగురయ్యారు. మాకు అదే నయం. బస డబ్బు ఇంటి ఆవిడ ఖాతాలోకి: ఒప్పుకున్నారు, వాళ్ల ఆఫీసుకి పాన్ నంబర్లు కావాలట. క్లాసులో ఇంగ్లీషు పాఠాల బదులు బడి వదిలాక గంటసేపు పిల్లల దగ్గర నేర్చుకోవడం: దీని మీద ఇద్దరు విద్యార్థులు "టీచింగ్ అవర్స్" తగ్గుతాయని సణిగారట. ప్రొఫెసరు గారు మాత్రం తన కోర్సుకి ఇదే కావాలని రాశారు. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల సంతకం లేకుండా తీయకూడదన్నది వాళ్ల రూల్సులోనే ఉందట. వీసా గురించి కాన్సులేట్‌కి రాశారు. జూలైకి మార్చారు. డీఈఓ గారికి అనుమతి అర్జీ రేపు పెడుతున్నాను.

ఒక్కటి మాత్రం కుదరలేదు. ఆర్టీసీ బస్సుకి వాళ్ల ఇన్సూరెన్సు ఒప్పుకోదట. సీటుబెల్టులున్న వ్యాను కావాలంటున్నారు.

పొందూరు మాస్టారు · తరువాతి మంగళవారం, రాత్రి 9:15

ఆర్టీసీ బస్సెక్కకుండా మన జిల్లా తెలుగు ఎలా వస్తుందమ్మా? సరే, కనీసం కాంప్లెక్సులో అరగంట నిలబెట్టండి. అనౌన్స్‌మెంట్లు వినడానికి ఇన్సూరెన్సు అక్కర్లేదు కదా.

చోడంబలి · తరువాతి మంగళవారం, రాత్రి 9:40

మేడం, మా ఇంట్లో ఇద్దరిని రాసుకోండి. మా తోటికోడలింట్లో ఒకరు. గడియ నిన్ననే కొత్తది ఏయించాం. ఆ ఫారం-సి ఎలా నింపాలో ఎవులైనా వచ్చి సూపిస్తే బాగున్ను. మా అమ్మాయి జూలైలో హాస్టల్‌కి ఎల్లిపోద్ది.

జమా ఖర్చు · తరువాతి మంగళవారం, రాత్రి 10:02

నేనొచ్చి చూపిస్తానమ్మా. ఇళ్లవాళ్లందరినీ ఒక ఆదివారం నరసన్నపేటలో ఒకచోట కూర్చోబెట్టమనండి మేడమ్‌ని. ఆధార్, మీ పేరు మీదున్న కరెంటు బిల్లు, ఓటీపీ వచ్చే ఫోను తెచ్చుకోండి. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు వాళ్లు బయల్దేరేముందే మెయిల్లో తెప్పించుకుంటే, వాళ్లు దిగిన రోజు రాత్రే పని అయిపోతుంది.